ముఖం చూసి చెప్పిన నంబరు

కిందటి వారం డెబోరాను మైపాడు బస్టాండు పక్కన, సుమయ్య ఆన్‌లైన్ సెంటర్లో, కంప్యూటరు ముందు నిలబెట్టి వదిలేసి వచ్చాం. పాపం, ఏడు రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉందనుకోకండి. మనకు వారమైంది గానీ ఆమెకు గడిచింది పది నిమిషాలే. మరిచిపోయినవారి కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

డెబోరా జాలరి ఏసుమణి కూతురు. తల్లి లేదు. నర్సింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్ వెబ్‌సైటులో నాలుగు ప్రభుత్వ కాలేజీలను వరసగా పెట్టుకుంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి మరోసారి సరిచూసుకుంది కూడా. ఇవాళ శుక్రవారం. మనసు ఊరుకోక మళ్లీ తెరవబోతే పాస్‌వర్డు చెల్లదంది. సుమయ్య నెల్లూరు సహాయ కేంద్రానికి ఫోను చేసి, హాల్‌టికెట్ నంబరూ పుట్టిన తేదీ చెప్పి, ఎలాగో లోపలికి వెళ్లింది. చూస్తే ఆ నాలుగు కాలేజీలూ లేవు. వాటి చోట ఒకే ఒక్క పేరుంది. హైవే పక్కన, రొయ్యల గుంటల మధ్య, నిరుడు కట్టిన ప్రైవేటు కాలేజీ పేరు. ఆ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లు ఉన్నారో లేరో తెలియదు. పక్కన ఆసుపత్రి లేదని మాత్రం అందరికీ తెలుసు.

ఆప్షన్లు మార్చుకునే గడువు నిన్నటితో అయిపోయింది. రేపు పొద్దున సీట్లు కేటాయిస్తారు. ఆ పేరు అలాగే ఉంటే డెబోరాకు ఆ కాలేజీయే గతి.

"ఇది చూడు," అంది సుమయ్య తెర మీద వేలు పెట్టి. సుమయ్యకు ముప్పై దాటాయి. తండ్రి వదిలిపోయిన టైలరు కొట్టులో కుట్టు మిషను పక్కకు జరిపి కంప్యూటరు పెట్టిన మనిషి. ఊళ్లో ఎవరి దరఖాస్తయినా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. "మంగళవారం పొద్దున పదకొండూ పన్నెండు నిమిషాలకు ఎవురో ‘నా ఫోను పోయింది’ అని నొక్కినారు. అట్టా నొక్కితే ఓటీపీ నీ ఫోనుకు రాదు. నువ్వు ఇచ్చిన రెండో నంబరుకు పోతుంది. చివర మూడు ఒకటి ఎనిమిది. ఎవురిది?"

"మా నాయనది," అంది డెబోరా.

"ఆ ఓటీపీతో లోపలికొచ్చి కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నారు. పదకొండూ ముప్పై ఒకటికి అన్నీ తీసేసి ఇది పెట్టి పొయినారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలా."

జూన్‌లో ఈ ఖాతా తెరిచింది ఇదే బల్ల దగ్గర. పాస్‌వర్డు ఒక తాళం, నీ ఫోనుకొచ్చే ఆరంకెలు రెండో తాళం, రెండూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుందని సుమయ్య ఆ రోజు ఎంతో ఓపికగా చెప్పింది. ఫోను పోతే ఎలా అని వెబ్‌సైటు అడిగింది. దానికి రెండు దారులు చూపించింది. పది రహస్య నంబర్లున్న కాగితం ఒకటి అచ్చు తీసుకుని ఎక్కడైనా దాచుకోవడం, లేదా ఇంకెవరిదైనా ఫోను నంబరు ఇవ్వడం. కాగితమే మంచిదని సుమయ్య చెప్పి చూసింది. "మా ఇంట్లో కాగితం దాచేదానికి చోటు యాడుందక్కా? బీరువా లేదు. గోడకు ఆనిస్తే ఉప్పుగాలికి చెమ్మ పట్టి పొడైపోతుంది. నాయన నంబరు పదేండ్లుగా అదే, ఎప్పుడూ మారలా," అని డెబోరా నవ్వేసింది. ముందు తలుపుకు రెండు తాళాలు వేసి, పెరటి తలుపు దగ్గరికి వేసి వచ్చారన్నమాట. ఆ పిల్ల చెప్పిన కారణంలో తప్పేమీ లేదు. అందుకే నాకు మరీ కష్టంగా ఉంది.

సహాయ కేంద్రం అధికారి ఫోనులో ఒకటే మాటన్నాడట. తండ్రి నంబరుకు పోయిన ఓటీపీతో మారితే ఇంట్లోవాళ్లే మార్చినట్టు. కాదంటే ఎవరు మార్చారో పేరు రాసి సాయంత్రం ఐదులోగా అర్జీ ఇవ్వాలి. పేరు లేని అర్జీ తీసుకోడు.

"మంగళవారం మీ నాయన యాడుండాడు?"

"యాడుంటాడక్కా, సముద్రంలో."

"మరి ఫోను?"

డెబోరా అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. సముద్రంలోకి వెళ్లిన మనిషి ఫోను మైపాడులో ఎక్కడ ఉంటుందో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు.

రెబెక్కమ్మ కొట్టు ఇసుకలోకి దిగేచోట ఉంటుంది. నాలుగు సరుగుడు గుంజలు, పైన తాటాకు, ఒక కిరసనాయిలు పొయ్యి. టీ, బజ్జీ, చుట్టలు అమ్ముతుంది. ఆ కొట్టులో అన్నిటికన్నా విలువైనది మాత్రం అమ్మకానికి పెట్టదు. అది చేపలకు ఐసు వేసే తెల్లటి థర్మాకోల్ పెట్టె. దాన్ని శుభ్రంగా కడిగి ఎండబెట్టి, అందులో ఊళ్లో మగవాళ్ల ఫోన్లన్నీ పెడుతుంది. ఒక్కో ఫోనుకు ఒక్కో ప్లాస్టిక్ కవరు. కవరు మీద పడవ నంబరు రాసిన చీటీ. నీళ్లలో తడిసి పాడవుతాయని పడవెక్కే ముందు అందరూ ఫోన్లు ఆమెకిచ్చి పోతారు. పడవకు ఒక చిన్న మీటల ఫోను చాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చీటీ మీద పడవ నంబరు కిందే ఫోను తెరిచే నాలుగంకెలు కూడా రాసి ఉంటాయి. చదివేవారు నోరెళ్లబెట్టకండి. నాలుగేళ్ల కిందట ఒకామెకు పురుటి నొప్పులొచ్చి నెల్లూరు తీసుకుపోతే, ఆరోగ్య కార్డు ఓటీపీ సముద్రంలో ఉన్న మొగుడి ఫోనుకు వచ్చింది. ఫోను రెబెక్కమ్మ చేతిలోనే ఉంది, తెరవడం తెలియదు. ఆ రోజు తల్లీబిడ్డా బతికి బయటపడటం దేవుడి దయ. మర్నాటి నుంచి మగవాళ్లంతా తమంత తామే వచ్చి చీటీ మీద అంకెలు రాయించారు. అప్పటినుంచి గ్యాసు బండి వచ్చిందంటే, బండ ఇచ్చే ముందు అడిగే ఓటీపీ కోసం ఆడవాళ్లు కొట్టు ముందు వరస కడతారు. రెబెక్కమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో ఫోనూ తెరిచి, ప్రార్థనలో వాక్యం చదివినంత స్పష్టంగా అంకెలు చదివి వినిపిస్తుంది.

రెబెక్కమ్మ ఏసుమణికి అక్క. తల్లి పోయినప్పుడు నాలుగేళ్ల డెబోరాకు అన్నం పెట్టి, జడలు వేసి, బడికి పంపింది ఆవిడే.

"ఏంది పాపా, ఇంత ఎండలో? అన్నం తిన్నావా?" అంది గ్లాసులు కడుగుతూ.

"అత్తా, మంగళవారం పొద్దున పదకొండింటికి నాయన ఫోనుకు ఒక నంబరొచ్చింది. ఎవురికి చెప్పినావు?"

"మంగళవారమా? ఆ రోజు గ్యాసు బండొచ్చింది గదా. ఏడెనిమిది మందికి చెప్పుంటా. అందర్నీ ఎవురు గుర్తు పెట్టుకుంటారు?"

"మన గ్యాసు నా ఫోను మీద ఉంది. నాయన ఫోనుకు రాదు."

రెబెక్కమ్మ చేతిలో గ్లాసు నీళ్లలోనే ఉండిపోయింది.

"ఎవురన్నా ఫోను చేసి అడిగితే చెప్పేసినావా?" అంది డెబోరా. గొంతు తనకే తెలియకుండా పెరిగింది.

ఆ మాటకు రెబెక్కమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "నేనా? ఫోన్లో అడిగితే చెప్పేదాన్నా నేను? బ్యాంకోళ్లమని ఎంతమంది చేసినారు, కరెంటాఫీసని ఎంతమంది చేసినారు! నీ మొకం చూపిచ్చు నాయనా, చూసి చెప్తా అంటా. ఒక్కడంటే ఒక్కడు రాలా. మొకం చూడందే రెబెక్కమ్మ నంబరు చెప్పదని ఈ వొడ్డంతా తెలుసు. పదకొండేండ్ల నుంచి ఒక్క ఫోను పోలా, ఒక్క మాట పడలా. ఇయ్యాల నువ్వు అడగతా ఉండావు నన్ను!"

"అయితే మొకం చూసే చెప్పినావు. ఎవురి మొకం?"

ఆవిడ పొయ్యి మంట ఆర్పింది. మళ్లీ వెలిగించింది. కొట్టులో టీ తాగుతున్న ఇద్దరు ముసలివాళ్లు గ్లాసులు కింద పెట్టి, ఎండలోకే లేచి వెళ్లిపోయారు. పెద్దమనుషులు, తెలివైనవాళ్లు.

"అత్తా, సాయంత్రం అయిదులోపల నేను ఒక పేరు రాసియ్యాల. రాయకపోతే ఆ రొయ్యల గుంటల కాలేజీలో పడతా. నాలుగేండ్లు చదివినా సూదెయ్యడం కూడా రాదు నాకు. ఫోను నీ పెట్టెలో ఉండింది. వాళ్లడిగితే నేనేం చెప్పాల?"

"నా పేరే రాయి," అంది రెబెక్కమ్మ.

డెబోరాకు అర్థం కాలేదు.

"చెవుడా? నా పేరే రాయమంటా ఉండా. ఆ నంబరు చదివింది ఈ నోరే. ముసల్దానికి తెలవక ఎవురికో చెప్పేసిందని రాయి. పోలీసులొస్తే రానీ, పెట్టె మీద ఒట్టేసి నేనే చెప్తా. నీ సీటు నీకొస్తది. నా పేరు పోతే ఏమి, నాకేమన్నా ఇంక పెండ్లి చేసుకునేది ఉందా?"

నవ్వించబోయింది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. పదకొండేళ్లు ఒక్క మాట పడని మనిషి, అంత తేలిగ్గా తన పేరును ఇసుకలో పారేస్తానంటోంది. ఎవరి కోసం? డెబోరా కన్నా ఎక్కువగా అత్త కాపాడుకునే మనిషి ఈ లోకంలో ఇంకొకరున్నారా?

"సరే, నాయన్నే అడుగుతా. పడవ వచ్చే వేళయింది."

"పడవొస్తది," అంది రెబెక్కమ్మ. "మీ నాయన రాడు."

"అంటే? ఏమైంది నాయనకు?"

"ఏం కాలా, ఏం కాలా. కూర్చో." ఆవిడ తనే ముందు ఇసుకలో చతికిలబడింది. "వేట మళ్లీ మొదలై రెండున్నర నెలలైంది పాపా, మీ నాయన ఒక్కరోజన్నా పడవెక్కలా."

ఎండాకాలంలో సముద్రంలో వేట నిషేధించిన రోజుల్లో ఏసుమణికి ఛాతీలో నొప్పి వచ్చింది. డెబోరా పరీక్షలు రాస్తున్న వారం అది. చుట్టాల ఇంటికని చెప్పి అక్కాతమ్ముళ్లు నెల్లూరు పోయి చూపించుకొచ్చారు. గుండె బలహీనంగా ఉంది, ఇక వల లాగితే ప్రాణానికి ముప్పని డాక్టరు చెప్పాడు. నిషేధం ముగిసి పడవలన్నీ కదిలిన రోజు ఏసుమణి కూడా తెల్లవారుజామునే అన్నం మూట కట్టుకుని బయలుదేరాడు, పడవ వైపు కాదు. పెంచలప్రసాద్ అనే మేనేజరు చూసే రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి.

"నీకు తెలిస్తే చదువు మానేసి రొయ్యల తలలు తీసే పనికి పోతావని వాడి భయం," అంది రెబెక్కమ్మ. "నా చేత ఒట్టేయించుకున్నాడు. ఫోను నా పెట్టెలో పెట్టిపోతాడు. నువ్వు ఫోను చేస్తే నేనెత్తి సముద్రంలో ఉండాడని చెప్పాల. అదీ మా ఒప్పందం. చెప్పినా. రోజూ చెప్పినా."

డెబోరా లెక్క వేసుకుంది. ఈ రెండున్నర నెలల్లో ఎన్నిసార్లు ఫోను చేసి ఉంటుంది? ‘అలలు ఎట్టా ఉండాయత్తా?’ అని ఎన్నిసార్లు అడిగి ఉంటుంది? ప్రతిసారీ అత్త ‘బాగుండాయి పాపా’ అంది. ఆమెకు కోపం రావాలి. ఏడుపొచ్చింది.

"మంగళవారం?"

"ఆ ప్రసాదయ్య మీ నాయన్ను మోటార్సైకిలు మీద ఎక్కించుకోనొచ్చినాడు. ఫోనియ్యక్కా అన్నాడు మీ నాయన. ఇచ్చినా. కూర్చున్న అయిదు నిమిషాలకే మెసేజి వచ్చింది. మీ నాయనకు దగ్గిర చూపు ఆనదు గదా. నేనే అద్దాలు పెట్టుకోని చదివినా. ఆ ప్రసాదయ్య సెల్లులో ఎవురికో చెప్పినాడు ఒక్కో అంకె."

"ఎందుకని అడగలేదా నువ్వు?"

"ఏమని అడగాల? వాడి ఫోను. వాడి మొకం. నా తోడబుట్టినోడి మొకం. ఇంకేమడగాల నేను?"

రెబెక్కమ్మ నియమం మంచిదే. దాన్ని ఆ రోజు కూడా ఆవిడ తప్పలేదు. దొంగ తన ముఖం చూపించి రావాల్సిన అవసరం లేదని, సొంతవాడి ముఖాన్నే ముందు నడిపించుకుని రావచ్చని ఆవిడకు ఎవరు చెప్పారు? పెద్ద పెద్ద చదువులు చదివి వెబ్‌సైట్లు కట్టేవాళ్లకే ఆ ఆలోచన రాలేదు.

"నాయనకు ఏం చెప్పినాడంట?"

"పాపకు మా ఓనరు కాలేజీలో ఫీజు లేకుండా సీటిస్తాం, ఇంటి కాణ్ణించే పోయి రావచ్చు అన్నాడంట. నువ్వు పెట్టుకున్న కాలేజీలేవీ తియ్యం, అడుగున మాది కూడా ఒకటి ఉండనీ అన్నాడంట. మంచికే గదా అని నమ్మినాడు. నీ కాలేజీలన్నీ తీసేస్తారని వాడికేం తెలుసు పాపా? వాడు చదవగలడా, అంకెలు తప్ప నేను చదవగలనా?"

డెబోరా లేచి ఇసుక దులుపుకుంది. "నీ పేరు రాయనత్తా," అని మాత్రం అంది. రెబెక్కమ్మ వెనక నుంచి ఏదో అంటూనే ఉంది. వినడానికి ఆగలేదు.

సుమయ్య కొట్టు మూసి స్కూటరు తీసింది. నెల్లూరు చేరేసరికి మూడున్నర అయింది. దారిలో ఆమె ఒక్కసారే మాట్లాడింది. "ఆ రోజు నేను పట్టుబట్టి కాగితం అచ్చు తీసుంటే సరిపొయ్యేది. నా దగ్గిరే దాచుంటే సరిపొయ్యేది." డెబోరా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ రోజు తప్పు తనదేనని ఒప్పుకోవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు, నిజంగా ఒప్పుకోవాల్సినవాడు తప్ప.

సహాయ కేంద్రంలో, ఫోనులో మాట్లాడిన ఆ అధికారి హజరత్తయ్య గారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. రిటైరుమెంటు దగ్గరపడ్డ మనిషి. ముఖంలో విసుగుంది గానీ విసుగు వెనక మంచితనం కూడా లేకపోలేదు. డెబోరా జరిగిందంతా చెప్పింది. పెంచలప్రసాద్ పేరు చెప్పింది. తండ్రిని మోసం చేసి ఓటీపీ తీసుకున్నారని చెప్పింది.

"మీ నాయన పేరేమన్నావు?"

"ఏసుమణి సార్. మైపాడు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టారు. "పొద్దున పదింటికి ఒకాయన తెచ్చి ఇచ్చిపొయినాడు. ఇట్టాంటివే ఇంకో మూడు కూడా వచ్చినాయి, అదే కాలేజీ తరఫున. నువ్వే చదువుకో."

డెబోరా చదివింది. ‘మైపాడు గ్రామ కాపురస్థుడు ఏసుమణి వ్రాసి ఇచ్చిన వాంగ్మూలం. నా కుమార్తె డెబోరా తన ఇష్టపూర్వకముగా ఆప్షన్లు మార్చుకొని, ఓటీపీ చెప్పమని నన్ను కోరినందున నేను చెప్పితిని. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. ఎవరి మాటలైనా విని నా కుమార్తె అర్జీ ఇచ్చిన యెడల దానిని పరిగణించవద్దని ప్రార్థన.’ కింద సంతకం.

ఆ సంతకాన్ని ఎక్కడున్నా గుర్తుపడుతుంది. నాలుగో తరగతిలో ఉండగా పలక మీద ఆయన చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే. నెల రోజులు పట్టింది. ‘ణి’ ఎప్పటికీ కుదరలేదు, ఇప్పటికీ కుదరలేదు. వేలిముద్ర వేసే మనిషి సంతకం పెట్టే మనిషైనందుకు ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నారు. వేలిముద్రతోనే ఉంచి ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాకు తెలుసమ్మా," అన్నారు హజరత్తయ్య గారు కొంచెం గొంతు తగ్గించి. "నలుగురు తండ్రులూ ఒకే మాట, ఒకే చేతిరాతతో ఎట్టా రాస్తారు? కానీ నేను నాకు తెలుసని పైకి రాయలేను. కాగితానికి కాగితమే కావాల. ఈ కాగితం అబద్ధమని, మీ నాయన తప్పు చెప్పినాడని నువ్వు రాసియ్యి. సీటు ఆపిస్తా. కానీ ఒకటి. అది పోలీసులకు పోతుంది. వాళ్లు మొదట పిలిచేది సంతకం పెట్టిన మనిషినే."

"ఆయనకు గుండె బాగలేదు సార్."

"ఐదు దాకా ఉంటా. ఆలోచించుకో."

డెబోరా తెల్ల కాగితం అడిగి తీసుకుంది. అర్జీలు ఎలా రాయాలో ఆమెకు వచ్చు, ఊళ్లో చాలామందికి రాసి పెట్టింది. ‘మైపాడు గ్రామం, ఏసుమణి కుమార్తె డెబోరా వ్రాసుకొను విన్నపము’ అని మొదలుపెట్టింది. అక్కడికి కలం ఆగిపోయింది. ఫలానావారి కుమార్తెనని రాసిన వెంటనే ఆ ఫలానావారు అబద్ధికుడని ఎలా రాయడం? రాయకపోతే ఈ రెండేళ్ల చదువూ, ఆయన లాగిన వలలూ ఏమైపోవాలి? సుమయ్య పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతోంది. గోడ గడియారంలో నాలుగూ ఇరవై అయింది.

బయట మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. ముందు పెంచలప్రసాద్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు సెల్‌ఫోన్లు. అతని వెనక, గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంటూ, ఏసుమణి.

"రెబెక్కమ్మ గుంటల కాడికి వచ్చి నానా గొడవ చేసింది సార్," అన్నాడు పెంచలప్రసాద్ నవ్వుతూ. "పాప ఏదో అపార్థం చేసుకుంది. నచ్చజెప్పుకుంటానంటే పెద్దాయన్ను నేనే తీసుకొచ్చినా. పొద్దున కాగితం ఇచ్చినాం గదా, ఇంక దాని మీద మాటేముంది?"

ఏసుమణి కూతురి వైపు చూడలేదు. రెండున్నర నెలల అబద్ధం బయటపడ్డ మనిషి ఎలా చూడగలడు? తువ్వాలు చేతుల్లో నలుపుతూ నేల వైపే చూస్తున్నాడు. డెబోరాకు ఆయన్ను గట్టిగా పట్టుకోవాలని ఉంది, అరవాలని కూడా ఉంది.

హజరత్తయ్య గారు కాగితం ఎత్తి చూపించారు. "ఏమయ్యా, ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

సుమయ్య కళ్లు మూసుకుంది. పెంచలప్రసాద్ ఒక సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇందులో ఏముందో తెలిసే పెట్టినావా?"

"చదివి వినిపించినారు సార్. విని పెట్టినా."

"అయితే అయిపొయింది గదా సార్," అన్నాడు పెంచలప్రసాద్.

"ఒక్క మాట సార్." ఏసుమణి తలెత్తాడు. "ఇంకొక్క తూరి మా పాపను చదవమనండి. దాని నోటితో వింటా."

"ఇప్పుడెందుకు పెద్దాయనా, సార్‌కు టైమవతా ఉంది," అంటూ పెంచలప్రసాద్ చెయ్యి చాచాడు. హజరత్తయ్య గారు ఆ చేతిని చూడనట్టే కాగితాన్ని డెబోరాకు అందించారు.

ఆమె నిలబడి చదివింది. ఒక్క అక్షరం మింగకుండా చదివింది. ‘నా కుమార్తె డెబోరా తన ఇష్టపూర్వకముగా ఆప్షన్లు మార్చుకొని, ఓటీపీ చెప్పమని నన్ను కోరినందున...’

"ఆగు పాపా."

ఏసుమణి మెల్లగా పెంచలప్రసాద్ వైపు తిరిగాడు. గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వేశాడు.

"పొద్దున నువ్వు నాకు చదివి వినిపించింది ఇది కాదే, ప్రసాదయ్యా."